కపాల నాడుల పరీక్ష: లోపం ఎక్కడుందని అడిగే పద్ధతి

పుర్రె లోపలి నుంచి బయటికి వచ్చి ముఖ్యంగా తల, మెడ పనులను చూసే పన్నెండు జతల నాడులే కపాల నాడులు. వాటి పరీక్షను వైద్య విద్యార్థులు ఒకటి నుంచి పన్నెండు వరకు వరుసగా నేర్చుకుంటారు. వాసనతో మొదలై నాలుకతో ముగిసే ఆ వరుస జ్ఞాపకం ఉంచుకోవడానికి అనుకూలమే కాని, రోగి మంచం పక్కన నిలబడిన వైద్యుడికి అది సగం పనే చేసిపెడుతుంది. ఫలానా నాడి పనిచేస్తోందా లేదా అన్నది ఒక్కో పరీక్ష విడివిడిగా చెబుతుంది. లోపం ఎక్కడుందన్న అసలు ప్రశ్నకు మాత్రం ఆ ఫలితాలన్నీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే జవాబు దొరుకుతుంది. ఒక నాడి దెబ్బతిన్నప్పుడు దాని పొరుగు నాడులు ఎలా ఉన్నాయి, అదే వైపు చేయీ కాలూ ఎలా ఉన్నాయి, ఎదుటి వైపు ఎలా ఉన్నాయి అన్న విచారణే ఈ పరీక్షకు ప్రాణం.

ఆ విచారణ సాధ్యం కావడానికి నాడుల అమరికే కారణం. నేడు వాడుకలో ఉన్న పన్నెండు జతల లెక్కను 1778లో జర్మన్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త జోమ్మరింగ్ తన పరిశోధన వ్యాసంలో ప్రతిపాదించాడు. అంతకు ముందు శతాబ్దంలో ఇంగ్లండుకు చెందిన థామస్ విల్లిస్ వేసిన లెక్క వేరు. మొదటి రెండు నాడులు మెదడు ముందుకు చాచిన భాగాల వంటివి. మెదడును వెన్నుపాముతో కలిపే మెదడు కాండంలో పైనుంచి కిందికి మధ్య మెదడు, పాన్స్, మెడుల్లా అనే మూడు భాగాలున్నాయి. మూడు, నాలుగు మధ్య మెదడు నుంచి, అయిదు పాన్స్ నుంచి, ఆరు, ఏడు, ఎనిమిది పాన్స్, మెడుల్లా కలిసే చోటు నుంచి, తొమ్మిది, పది, పన్నెండు మెడుల్లా నుంచి బయలుదేరుతాయి. పదకొండో నాడిలో ప్రధాన భాగం మెడ పైభాగంలోని వెన్నుపాము నుంచి పైకి ఎక్కి వస్తుంది. అంటే నాడి సంఖ్య తెలిస్తే మెదడు కాండంలో దాని ఎత్తు దాదాపుగా తెలిసినట్టే.

పరీక్ష రోగిని తాకకముందే మొదలవుతుంది. గదిలోకి వచ్చే మనిషి తలను ఒక పక్కకు వంచుకుని నడుస్తున్నాడా, ఒక రెప్ప వాలిందా, మాట ముక్కుతో వస్తోందా, నవ్వితే పెదవి ఒక వైపే కదులుతోందా అన్నవి ఆయన కుర్చీలో కూర్చునేలోపే కనిపిస్తాయి. మొదటి నాడి పరీక్షకు కాఫీ పొడి, లవంగం, సబ్బు వంటి తెలిసిన వాసనలు చాలు. కళ్లు మూయించి, ఒక్కో ముక్కు రంధ్రానికి విడిగా చూపాలి. అమ్మోనియా వంటి ఘాటైన పదార్థం పనికిరాదు, ఎందుకంటే దాని మంటను గ్రహించేది అయిదో నాడి. వాసన పూర్తిగా పోయిన వ్యక్తి కూడా దానికి తల వెనక్కు తీసుకుంటాడు. జలుబు, ముక్కు దిబ్బడ లేవని తేలాక, తలకు దెబ్బ తగిలిన తర్వాత వాసన పోవడమూ, ఒక వైపు మాత్రమే వాసన తెలియకపోవడమూ పట్టించుకోవలసిన విషయాలు. రెండోదానికి మెదడు ముందు భాగం కింద నెమ్మదిగా పెరిగే గడ్డ కారణం కావచ్చు.

రెండో నాడి దగ్గర ఎక్కువసేపు ఆగాలి. చూపు అంటే అక్షరాలు చదవడం ఒక్కటే కాదు. అక్షరాల పట్టికను 1862లో డచ్ నేత్ర వైద్యుడు స్నెల్లెన్ రూపొందించాడు. 6 మీటర్ల దూరం నుంచి ఒక్కో కంటితో చదివించే ఆ పద్ధతికి ఇప్పుడు తెలుగు అక్షరాల పట్టికలు ఉన్నాయి, చదువు రానివారికి గీతలు ఏ దిక్కుకు తిరిగి ఉన్నాయో చేత్తో చూపించే పట్టికలు ఉన్నాయి. అట్టకు చిన్న రంధ్రం చేసి అందులోంచి చూడమంటే చూపు మెరుగుపడినట్టయితే, లోపం చాలావరకు కళ్లజోడుతో సరిపోయేదే తప్ప నాడిది కాదు. ఆ తర్వాత రంగు. ఒకే ఎర్రని వస్తువు ఒక కంటికి నిండుగానూ రెండో కంటికి వెలిసిపోయినట్టుగానూ కనిపిస్తే, అక్షరాలు బాగానే చదువుతున్నా, ఆ రెండో వైపు దృష్టి నాడిని అనుమానించాలి. ఇక దృష్టి క్షేత్రం. వైద్యుడు రోగికి ఎదురుగా, సుమారు ఒక మీటరు దూరంలో, కళ్లు సమాన ఎత్తులో ఉండేలా కూర్చుని, తన క్షేత్రాన్నే కొలమానంగా పెట్టుకుని, వేలిని అంచుల నుంచి లోపలికి తెస్తూ ఎప్పుడు కనిపించిందో అడుగుతాడు. రెండు కళ్లలోనూ కణతల వైపు సగాలు పోతే దెబ్బ రెండు దృష్టి నాడులూ కలిసే చోట ఉంది, పిట్యూటరీ గ్రంథి గడ్డ అక్కడే ఒత్తుతుంది. రెండు కళ్లలోనూ ఒకే వైపు సగం పోతే లోపం ఆ కూడలికి వెనుక, ఎదుటి వైపు మెదడులో ఉంది. ఈ రెండో రకం రోగి తరచుగా తనకు ఒక కన్ను కనిపించడం లేదని చెబుతాడు. ఒక్కో కన్నూ మూసి పరీక్షించకపోతే ఆ మాట వైద్యుణ్ణి తప్పుదారి పట్టిస్తుంది.

కంటి లోపలి పొరను చూసే ఆఫ్తాల్మోస్కోపును 1851లో హెల్మ్‌హోల్ట్జ్ లోకానికి పరిచయం చేశాడు. శరీరంలో నాడీ కణజాలాన్ని కోత లేకుండా నేరుగా చూడగల చోటు అదొక్కటే. తలలో ఒత్తిడి పెరిగినప్పుడు దృష్టి నాడి మొదలు ఉబ్బుతుంది, అంచులు చెదిరిపోతాయి. తలనొప్పితో వచ్చిన రోగిలో ఈ ఒక్క పరిశీలనను వదిలేయడం వల్ల జరిగే నష్టం మరే కపాల నాడి పరీక్షను వదిలేసినా జరగదనిపిస్తుంది. అయినా చీకటి గది, సాధన, ఓపిక కావాలి గనుక రద్దీ ఓపీలలో ఇదే ముందుగా జారిపోతుంది.

కంటిపాప మీద వెలుగు వేయడం చూడటానికి చిన్న పని. కాని ఆ ఒక్క కదలికలో రెండు నాడుల కథ ఉంది: వెలుగు కబురును రెండో నాడి లోపలికి తీసుకుపోతుంది, పాపను కుంచించమన్న ఆజ్ఞను మూడో నాడి బయటకు తెస్తుంది. ఒక కంటి మీద వెలుగు వేస్తే రెండు పాపలూ కుంచించుకోవాలి. టార్చిని ఒక కంటి నుంచి మరో కంటికి మార్చినప్పుడు, వెలుగు పడుతున్నా రెండు పాపలూ పెద్దవైతే, కబురు తెచ్చే దారి ఆ వైపు బలహీనంగా ఉందన్నమాట. అలాకాక, ఏ కంటి మీద వెలుగు వేసినా ఒక పాప మాత్రం పెద్దగానే నిలిచిపోతే ఆజ్ఞ తెచ్చే దారి తెగింది. మూడో నాడి పూర్తిగా దెబ్బతిన్నప్పుడు రెప్ప వాలి, కనుగుడ్డు బయటికీ కిందికీ తిరిగి ఉంటుంది. పాపను కుంచించే తంతువులు ఆ నాడి పైపొరలో ఉంటాయి గనుక, బయటి నుంచి ఒత్తే రక్తనాళపు బుడిపె వాటినే ముందు నొక్కుతుంది. మధుమేహంలో సన్నని రక్తనాళాలు మూసుకుపోతే నాడి లోపలి భాగం దెబ్బతిని పాప చాలావరకు మామూలుగా ఉంటుంది. తలనొప్పి, వాలిన రెప్ప, పెద్ద పాప కలిసి కనిపిస్తే రక్తనాళాల స్కానింగును మరునాటికి వాయిదా వేయకూడదు. పాప మామూలుగా ఉన్నంత మాత్రాన నిశ్చింత పడటమూ తగదు: రెప్ప సగమే వాలి, కంటి కదలికలు కొన్నే తగ్గిన దశలో పాప ఇంకా చిక్కుకోకపోయి ఉండవచ్చు, రెండు మూడు రోజుల్లో చిక్కుకోవచ్చు. రెప్ప కొద్దిగానే వాలి, అదే వైపు పాప చిన్నదైతే దారి పూర్తిగా వేరు. అది కంటికి వెళ్లే సింపథెటిక్ నాడుల దారి దెబ్బతింటే వచ్చే హార్నర్ లక్షణం. దాని కారణం ఊపిరితిత్తి కొనలో కూడా దొరకవచ్చు, మెడలోని ధమనిలో కూడా దొరకవచ్చు.

కంటి కదలికలను, తల కదల్చకుండా వేలిని అనుసరించమని చెప్పి, పక్కలకూ, పక్కల నుంచి పైకీ కిందికీ చూపించి పరీక్షిస్తారు. ఒకటి రెండుగా కనిపిస్తోందని రోగి చెబితే ముందు ఒక కన్ను మూయించాలి. ఒక్క కంటితో చూసినా రెండుగానే కనిపిస్తే సమస్య శుక్లం వంటి కంటి లోపంలో ఉంది, నాడిలో లేదు. నాలుగో నాడి బలహీనత మెట్లు దిగేటప్పుడూ, పుస్తకం చదివేటప్పుడూ బయటపడుతుంది. రోగి తెలియకుండానే తలను ఎదుటి భుజం వైపు వంచి ఆ తేడాను సరిచేసుకుంటాడు. పాత ఫొటోల్లో కూడా అదే వంపు కనిపిస్తే లోపం పుట్టుకతో వచ్చినదై ఉంటుంది. ఆరో నాడి విషయంలో ఎక్కడ అన్న ప్రశ్న వైద్యుణ్ణి మోసం చేయగలదు. పుర్రె లోపల పొడవుగా సాగే ఈ నాడి, తలలో ఒత్తిడి ఏ కారణంతో పెరిగినా లాగబడి బలహీనపడుతుంది. కన్ను బయటికి తిరగకపోవడం అప్పుడు నాడి దగ్గర గడ్డ ఉందని చెప్పదు, ఒత్తిడి పెరిగిందని మాత్రమే చెబుతుంది. మన దేశంలో క్షయ వల్ల వచ్చే మెదడు పొరల వాపులో కూడా ఎక్కువగా చిక్కుకునేది ఆరో నాడే. వారాల తరబడి జ్వరం, తలనొప్పి ఉన్న రోగిలో కొత్తగా వచ్చిన మెల్లకన్ను వెన్నునీటి పరీక్షను తొందరచేయాలి.

రెప్ప వాలి కళ్లు కదలకపోయినా నాడులన్నీ చెక్కుచెదరకుండా ఉండే సందర్భం ఒకటుంది: లోపం నాడికీ కండరానికీ మధ్య ఉన్న సంధిలో ఉన్నప్పుడు. ఆ సంధి బలహీనపడే మయాస్థీనియా వ్యాధిలో, పైకి చూస్తూ ఉండమని ఒకటి రెండు నిమిషాలు చెబితే రెప్పలు క్రమంగా దిగుతాయి, విశ్రాంతితో కోలుకుంటాయి, పాప మాత్రం మామూలుగానే స్పందిస్తుంది. తెలుగు పల్లెల్లో ఇంతకన్నా అత్యవసరమైన రూపం కట్లపాము కాటు. రాత్రి నేల మీద పడుకున్నవారిని కరిచే ఈ పాము కాటు చోట వాపు గాని నొప్పి గాని పెద్దగా ఉండదు, కొన్నిసార్లు గాటు కూడా కనిపించదు. తెల్లవారుజామున కడుపు నొప్పితో లేచిన మనిషికి రెప్పలు బరువెక్కి, చూపు రెండుగా మారి, మాట ముద్దగా వచ్చి, గుటక పడక, మెడ నిలబడక, చివరికి ఊపిరి ఆగే వరకు విషం పైనుంచి కిందికి దిగుతుంది. కపాల నాడులు నడిపే కండరాలు ముందు పడిపోతాయి గనుక, రెప్పలను గంటగంటకూ చూడటం, నుదురు ముడతలు వేయించడం, తల దిండు మీద నుంచి ఎత్తమనడం ఊపిరి ప్రమాదాన్ని ముందే పసిగట్టే పరీక్షలు. నాగుపాము కాటులో నియోస్టిగ్మిన్ అనే మందు ఉపయోగపడుతుంది, ఆ విషం కండరం వైపున పనిచేస్తుంది కాబట్టి. కట్లపాము విషం ప్రధానంగా నాడి కొసనే దెబ్బతీస్తుంది, అందుకే అక్కడ వెంటిలేటరే ఆధారం.

ముఖం మీద స్పర్శను అయిదో నాడి మూడు శాఖలుగా పంచుకుంటుంది: నుదురు, చెంప, గడ్డం. దవడ మూల మాత్రం దానిది కాదు, మెడ నాడులది. ముఖం సగమంతా మొద్దుబారిందని చెప్పే రోగిలో ఆ దవడ మూలను విడిగా పరీక్షించడం చాలా చెబుతుంది. దూది కొసతో పక్క నుంచి, కంటి ముందున్న పారదర్శక పొర కార్నియాను తాకితే రెండు కళ్లూ రెప్పలు కొట్టాలి. ఆ స్పర్శను తెలుసుకునేది అయిదో నాడి, రెప్ప మూయించేది ఏడో నాడి. ఈ జంటకు మన దగ్గర ప్రత్యేకమైన ప్రాముఖ్యం ఉంది. ప్రపంచంలో ఏటా నమోదయ్యే కొత్త కుష్ఠు కేసుల్లో సగానికి పైగా భారతదేశంలోనే నమోదవుతున్నాయి, ఆ వ్యాధి ఈ రెండు నాడులనూ దెబ్బతీస్తుంది. రెప్ప మూతపడదు, నలుసు పడినా కంటికి తెలియదు. పుండు పడి చూపు పోయేది అలాగే. చెంప మీద స్పర్శ లేని మచ్చ, చెవి కింద మెడ మీదుగా తాడులా తగిలే నాడి కనిపిస్తే దూది పరీక్షను మరవకూడదు.

మూతి వంకరపోయిన మనిషి ఆసుపత్రికి వచ్చినప్పుడు ఏడో నాడి పరీక్ష కొన్ని నిమిషాల్లో దారి నిర్ణయిస్తుంది. నొసలు ముడతలు వేయమనడం, కళ్లు గట్టిగా మూసుకోమనడం, పళ్లు చూపించమనడం, బుగ్గలు పూరించమనడం, ఈ నాలుగూ చాలు. ముఖం పైసగానికి మెదడు రెండు అర్ధభాగాల నుంచీ ఆజ్ఞలు అందుతాయి, కిందిసగానికి ప్రధానంగా ఎదుటి భాగం నుంచే అందుతాయి. అందువల్ల మెదడులో పక్షవాతం వచ్చినప్పుడు నొసలు మిగిలి మూతి వంకరపోతుంది, నాడి తానే దెబ్బతిన్నప్పుడు నొసటి నుంచి గడ్డం వరకు ఆ సగమంతా జారిపోతుంది. 1821లో స్కాట్లండుకు చెందిన చార్లెస్ బెల్ ముఖ నాడి గురించి రాసిన దగ్గరి నుంచి ఆయన పేరుతోనే పిలుస్తున్న ఈ రెండో రకంలో, పదిమందిలో ఏడుగురు దాకా చికిత్స లేకపోయినా పూర్తిగా కోలుకుంటారు. పసరు మందులకూ చెవిలో పోసే నూనెలకూ వచ్చిన పేరుకు కారణం చాలావరకు ఇదే. ఆ పేరు వెనుక దాగిన నష్టం మిగతా ముగ్గురిది: మొదటి 72 గంటల్లో ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెడితే కోలుకునే అవకాశం పెరుగుతుంది, మూతపడని కంటిని చుక్కలతో, రాత్రి పట్టీతో కాపాడుకోవాలి. నొసలు నియమం మీద కూడా గుడ్డిగా ఆధారపడలేం. పాన్స్‌లో వచ్చిన పక్షవాతం ఏడో నాడి కేంద్రాన్నే దెబ్బతీస్తే ముఖం సగమంతా జారుతుంది, చూడటానికి అచ్చం బెల్ పక్షవాతమే. తేడా పొరుగున ఉంటుంది: అదే వైపు కన్ను బయటికి తిరగదు, ఎదుటి వైపు చేయీ కాలూ బలహీనపడతాయి. ముఖం సగం జారిన ప్రతి రోగిలోనూ ఆరో నాడిని, చేతుల బలాన్ని చూసి తీరాలి, చెవి లోపల పొక్కుల కోసం వెతకాలి, చెవి కింది లాలాజల గ్రంథిని తడమాలి.

ఎనిమిదో నాడికి రెండు పనులు. వినికిడిని చెవి దగ్గర గుసగుసతోనూ, 512 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కుతోనూ చూస్తారు. నుదుటి మధ్య పెట్టిన ఫోర్కు శబ్దం, చెవిలో గుబిలి వంటి అడ్డు ఉంటే చెడు చెవి వైపుకూ, నాడి దెబ్బతింటే మంచి చెవి వైపుకూ జరుగుతుంది. సమతుల్యత పరీక్ష ఇంతకన్నా పదునైనది. ఆగకుండా గంటల తరబడి తల తిరుగుతూ, కనుగుడ్లు అదురుతూ ఉన్న రోగిలో, తలను చేతుల్లోకి తీసుకుని ఒక్క కుదుపుతో పక్కకు తిప్పి, కళ్లు వైద్యుడి ముక్కు మీద నిలుస్తాయా లేదా చూస్తారు. కళ్లు జారి మళ్లీ వెనక్కు దూకితే లోపం చెవి వైపు ఉంది. కళ్లు చక్కగా నిలిస్తే అదే ప్రమాద సూచన: చిన్నమెదడులో గాని మెదడు కాండంలో గాని పక్షవాతం కావచ్చు. కుదుపు పరీక్షను, కనుగుడ్ల అదురు దిశను, రెండు కళ్ల ఎత్తు తేడాను కలిపి చూసే పద్ధతి, మొదటి రెండు రోజుల్లో తీసిన ఎమ్మారై కన్నా పక్షవాతాన్ని బాగా పట్టుకుందని 2009లో వెలువడిన అధ్యయనం తేల్చింది. అయితే తల తిరగడం ఆగిపోయిన రోగికి ఈ పద్ధతి వర్తించదు.

కింది నాలుగు నాడుల్లో దిక్కుల గందరగోళం విద్యార్థులను వేధిస్తుంది, కారణం తెలిస్తే అది తొలగుతుంది. నాలుకను ముందుకు నెట్టే కండరాలు ఒక వైపు పడిపోతే, మంచి వైపు నెట్టుడుకు నాలుక చెడు వైపు తిరుగుతుంది. అంగిలిని కండరాలు పైకి లాగుతాయి గనుక, ‘ఆ’ అనమన్నప్పుడు కొండనాలుక మంచి వైపుకు పోతుంది. నాలుక సన్నబడటాన్నీ, దాని మీది చిన్న అదురులనూ నోట్లో విశ్రాంతిగా ఉన్నప్పుడే చూడాలి, బయటికి చాపిన నాలుక ఎవరిదైనా అదురుతుంది. గొంతు వెనుక తాకితే వాంతి వచ్చినట్టు కాకపోవడం ఆరోగ్యవంతుల్లో కూడా ఉంటుంది, కనుక ఆ పరీక్ష కన్నా గొంతు బొంగురు, దగ్గులో బలం, కొద్దిపాటి నీళ్లు తాగితే పొలమారడం ఎక్కువ చెబుతాయి. పదకొండో నాడి నడిపే మెడ కండరాల్లో కుడివైపుది తలను ఎడమకు తిప్పుతుంది. మెడ పక్కన గడ్డ తీసి పరీక్షకు పంపిన తర్వాత భుజం ఎత్తలేకపోతే పదకొండో నాడిని చూడాలి.

పొరుగు లెక్క అసలు బలం చూపించేది నాడులు గుంపుగా పడిపోయినప్పుడు. మూడు, నాలుగు, ఆరు నాడులు, వాటితోపాటు నుదుటి, చెంప స్పర్శ ఒకే వైపు పోతే లోపం కంటి వెనుక, పుర్రె అడుగున ఉన్న కావెర్నస్ సైనస్ అనే సిరల గదిలో ఉంది. 2021లో కోవిడ్ రెండో అలలో, చక్కెర అదుపు తప్పి స్టెరాయిడ్లు వాడినవారిలో బ్లాక్ ఫంగస్ ముక్కు పక్క గదుల నుంచి కంటికీ, అక్కడి నుంచి ఈ సైనస్‌కూ పాకింది. ఆ ఏడాది మే నెలలో తెలంగాణ దాన్ని తప్పనిసరిగా నమోదు చేయవలసిన వ్యాధిగా ప్రకటించింది, హైదరాబాదులోని కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి చికిత్సకు ప్రధాన కేంద్రమైంది. చెంప మొద్దుబారడం, రెప్ప వాలడం, చూపు రెండు కావడం ఎవరు ముందుగా గమనిస్తే వారి రోగికి కన్ను దక్కే అవకాశం అంత పెరిగింది. మెడుల్లా పక్కభాగంలో రక్తప్రసరణ ఆగితే వచ్చే వాలెన్‌బర్గ్ లక్షణం మరో ఉదాహరణ: ఒక వైపు ముఖానికీ, ఎదుటి వైపు శరీరానికీ నొప్పి, వేడి తెలియవు, గొంతు బొంగురుపోతుంది, మింగుడు పడదు, వెక్కిళ్లు ఆగవు, కాని చేయీ కాలూ బలంగానే ఉంటాయి. బలం తగ్గలేదు గనుక పక్షవాతం కాదని ఇంటికి పంపే ప్రమాదం ఇక్కడే ఎక్కువ, మొదటి సీటీ స్కాను కూడా మామూలుగానే రావచ్చు. అందుకే కేసు షీటులో కపాల నాడులు సాధారణం అన్న ఒక్క మాట చాలదు. పాపల కొలత, కంటి కదలికలు, కార్నియా స్పందన, అంగిలి, వాటిని చూసిన సమయం రాసి ఉంటేనే, రాత్రి డ్యూటీలోకి వచ్చిన వైద్యుడు కొత్త మార్పును గుర్తించగలడు.

రోగి సహకరించలేని స్థితిలో ఇవే పరీక్షలు మెదడు కాండం బతికి ఉందా అన్న ప్రశ్నగా మారతాయి. 1994లో పార్లమెంటు చేసిన మానవ అవయవాల మార్పిడి చట్టం మెదడు కాండం మరణాన్ని మరణంగా గుర్తించింది. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన జీవన్‌దాన్ కార్యక్రమంలో అవయవ దానాలు ఆ నిర్ధారణ మీదనే ఆధారపడతాయి. నలుగురు వైద్యుల బృందం, కనీసం 6 గంటల ఎడంతో రెండుసార్లు, పాపల స్పందన, కార్నియా స్పందన, చెవిలో చల్లని నీళ్లు పోసినప్పుడు కళ్ల కదలిక, కనుబొమ మీద నొక్కినప్పుడు ముఖంలో చలనం, గొంతు, దగ్గు స్పందనలు చూస్తుంది. వెంటిలేటరు ఆపి, రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగినా ఊపిరి పుట్టడం లేదని తేలుస్తుంది. మెదడు కాండం పైనుంచి కింది దాకా, ఎత్తు ఎత్తునా, ఈ వరుసలో పరీక్షకు వస్తుంది. దీనికి ముందు మత్తు మందులు, శరీరం చల్లబడటం, రక్తంలో లవణాల తేడాలు, కండరాలను స్తంభింపజేసే మందులు లేవని రుజువు కావాలి. కట్లపాము కాటును కూడా ఆ జాబితాలోనే చూసుకోవాలి. పాపలు విప్పారి, కళ్లు కదలక, ఊపిరి లేక, ఒక్క స్పందనా రాక పడి ఉన్న మనిషిలో మెదడు లోపల స్పృహతో ఉండవచ్చు, పడిపోయింది కేవలం నాడీ కండర సంధి కావచ్చు. అలాంటివారు వెంటిలేటరు మీద కొన్ని రోజులు ఉండి పూర్తిగా కోలుకున్న ఉదంతాలు మన దేశ వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. కనుక రాత్రి నేల మీద పడుకుని, కారణం తెలియకుండా పొద్దునకు పడిపోయిన రోగిలో, కపాల నాడుల స్పందనలు ఒక్కటీ లేకపోయినా, విషం ప్రభావం తొలగేదాకా మెదడు కాండం పరీక్షలు మొదలుపెట్టరు.